మైక్రోకంట్రోలర్‌లో ఒక్కో అక్షరం వెంట: జీపీఎస్ వాక్యం నుంచి తెలుగు సందేశం దాకా

ఆర్డుయినో ఊనో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు మీద ఉండే ఏటీమెగా328పీ మైక్రోకంట్రోలర్ చిప్‌లో ప్రోగ్రామ్ దాచుకోవడానికి 32 కిలోబైట్ల ఫ్లాష్ ఉంటుంది గానీ, ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు రాసుకోవడానికీ చెరుపుకోవడానికీ ఉండే ర్యామ్ మాత్రం 2048 బైట్లే. కంప్యూటర్ మీద పైథాన్‌లోనో జావాలోనో స్ట్రింగ్‌లతో పని చేసి అలవాటుపడినవారు ఈ చిప్ దగ్గరికి వచ్చినప్పుడు మొదట తడబడేది ఇక్కడే. అక్కడ స్ట్రింగ్ అంటే అడిగిన పని చేసిపెట్టే ఒక వస్తువు. ఇక్కడ అది మెమరీలో పక్కపక్కన ఉన్న బైట్ల వరుస, అంతకు మించి ఏమీ కాదు. ఆ వరుసలో ఒక్కో అక్షరాన్ని నేరుగా అందుకోవడం నేర్చుకుంటే 2048 బైట్లు చాలా పెద్ద స్థలమని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారమైన పనినే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మా బాబాయి పొలం పనులకు అద్దెకు తిప్పే ట్రాక్టర్ ఎక్కడుందో, నడుస్తోందో ఆగిందో ఆయన ఫోనుకు తెలుగులో ఎస్సెమ్మెస్ పంపే చిన్న పరికరాన్ని ఈ చిప్‌తోనే తయారుచేశాను. ఒక జీపీఎస్ మాడ్యూల్, మొబైల్ నెట్‌వర్క్ ద్వారా ఎస్సెమ్మెస్ పంపే ఒక జీఎస్ఎమ్ మాడ్యూల్, నడుమ ఊనో బోర్డు, అంతే. జీపీఎస్ నుంచి అక్షరాలు వస్తాయి, జీఎస్ఎమ్‌కు అక్షరాలు వెళ్తాయి, కాబట్టి బోర్డు చేసే పనంతా అక్షరాల పనే.

ముందుగా మూలం దగ్గర కొంచెం ఆగాలి. సీ భాషలో స్ట్రింగ్ అంటే క్యారెక్టర్ల అర్రే. ఆ అర్రే పేరు మొదటి బైట్ ఉన్న చోటును సూచిస్తుంది. పేరు పక్కన చదరపు బ్రాకెట్లలో రాసే ఇండెక్స్, ఆ చోటు నుంచి ఎన్ని బైట్లు ముందుకు జరగాలో చెబుతుంది. మొదటి అక్షరం కోసం ఎక్కడికీ జరగనక్కర్లేదు గనుక దాని ఇండెక్స్ సున్నా అవుతుంది. లైను[3] అని రాసినా, లైను ఉన్న చోటుకు మూడు కలిపి అక్కడున్న బైట్‌ను తీసుకోమని పాయింటర్‌తో రాసినా కంపైలర్ దృష్టిలో రెండూ ఒకటే. సీకి ముందు బెల్ ల్యాబ్స్‌లో వాడిన బీ భాషలో ఈ సౌకర్యం లేదు. అందులో మెమరీని వర్డ్‌ల (యంత్రం ఒకేసారి పట్టే బిట్ల గుంపుల) లెక్కనే అందుకునేవారు కాబట్టి, స్ట్రింగ్‌లోని ఒక అక్షరం కావాలంటే దానికోసం ప్రత్యేకంగా ఒక లైబ్రరీ ఫంక్షన్‌ను పిలవవలసి వచ్చేది. ఒక్కో బైట్‌కూ విడిగా చిరునామా ఉన్న పీడీపీ-11 యంత్రం వచ్చాక, డెన్నిస్ రిచీ బీ భాషకు రకాలను చేర్చి సీని రూపొందించారు. ఈ రోజు మనం ఒక చిన్న చిప్ మీద బ్రాకెట్లు పెట్టి సులువుగా అక్షరం తీసుకోగలుగుతున్నామంటే దాని వెనుక ఆ మార్పు ఉంది.

వరుస ఎక్కడ ముగుస్తుందో చెప్పేది చివర ఉండే సున్నా విలువ గల బైట్. అది '0' అనే అంకె కాదు. అక్షరాలకు సంఖ్యలు కేటాయించే ఆస్కీ పట్టికలో ఆ అంకె విలువ 48. చివరి సున్నాకు కూడా ఒక బైట్ స్థలం కావాలి కాబట్టి, పది అక్షరాల మాటకు పదకొండు బైట్ల అర్రే అవసరమవుతుంది. స్ట్రింగ్ పొడవు చెప్పే ఫంక్షన్ ఈ చివరి సున్నాను లెక్కలోకి తీసుకోదు, అర్రే పరిమాణం చెప్పే సైజాఫ్ మాత్రం తీసుకుంటుంది. అలాగే ఒంటి కోట్ల మధ్య రాసిన ఎ ఒక బైట్, జంట కోట్ల మధ్య రాసిన ఎ రెండు బైట్లు. అందుకే లైను[2]ను జంట కోట్లలో రాసిన అక్షరంతో పోల్చబోతే, ఒక సంఖ్యను ఒక చిరునామాతో పోలుస్తున్నావని కంపైలర్ అభ్యంతరం చెబుతుంది. కొత్తగా మొదలుపెట్టినవారికి ఆ సందేశం అర్థంకాదు గానీ, అది చెప్పేది ముమ్మాటికీ నిజం.

ఆర్డుయినోలో స్ట్రింగ్ అనే క్లాసు కూడా ఉంది. దానిలో క్యార్‌ఎట్ అనే ఫంక్షన్‌కు ఇండెక్స్ ఇస్తే అక్షరం వస్తుంది, హద్దు దాటిన ఇండెక్స్ ఇస్తే సున్నా వస్తుంది, అంతవరకు అది మర్యాదగానే నడుచుకుంటుంది. ఒక బటన్ నొక్కితే ఒక మాట చూపించే చిన్న ప్రోగ్రామ్‌కు అది చాలు. కానీ రోజుల తరబడి ఆగకుండా నడవాల్సిన పరికరంలో నేను దాన్ని వాడను. సబ్‌స్ట్రింగ్ అడిగిన ప్రతిసారీ ఆ ముక్కకు హీప్‌లో (ప్రోగ్రామ్ నడుస్తుండగా అడిగినప్పుడు ఇచ్చే ర్యామ్ భాగంలో) కొత్త స్థలం కేటాయించి నకలు తీస్తుంది. పని అయ్యాక ఆ స్థలం ఖాళీ అయినా, వేర్వేరు పొడవుల ముక్కలు వస్తూ పోతూ ఉంటే నడుమ చిన్న చిన్న ఖాళీలు మిగిలిపోతాయి. మొత్తం ఖాళీ స్థలం ఉన్నట్టే ఉంటుంది, కానీ కావలసినంత పొడవున ఒకేచోట దొరకదు. అప్పుడు కేటాయింపు విఫలమై స్ట్రింగ్ ఖాళీగా మిగులుతుంది, ప్రోగ్రామ్ మాత్రం ఏమీ జరగనట్టు ముందుకు సాగిపోతుంది. ముందే పొడవు నిర్ణయించుకున్న క్యారెక్టర్ అర్రేతో ఈ బెడద ఉండదు. దానికి బదులుగా హద్దుల బాధ్యత మన మీద పడుతుంది: 83 బైట్ల అర్రేలో 90వ చోట రాస్తే ఈ చిప్ ఆపదు, పక్కనున్న వేరియబుల్ విలువ మారిపోతుంది. ఆ బాధ్యతను ఒకే ఒక్క చోట, అక్షరం వచ్చి చేరే చోట, సరిగ్గా మోస్తే చాలు.

జీపీఎస్ మాడ్యూళ్లు ఎన్ఎమ్ఈఏ 0183 అనే పద్ధతిలో మాట్లాడతాయి. ప్రతి వాక్యం $ గుర్తుతో మొదలవుతుంది, నడుమ కామాలతో విడదీసిన ఫీల్డులుంటాయి, చివర * గుర్తు, రెండు అక్షరాల చెక్‌సమ్, ఆపైన వరుస ముగింపు గుర్తులు రెండు ఉంటాయి. $ నుంచి ముగింపు గుర్తుల దాకా అన్నీ కలిపి 82 అక్షరాలకు మించకూడదని ఆ ప్రమాణం చెబుతుంది. పరిమితి ముందే తెలిసిన ఇలాంటి సమాచారానికి అర్రే సరిగ్గా సరిపోతుంది: 82 అక్షరాలు, చివరి సున్నాకు ఒకటి, మొత్తం 83 బైట్లు. సెకనుకు 9600 బిట్ల వేగంలో, ఒక్కో అక్షరానికి మొదలు చివర బిట్లతో కలిపి పది బిట్లు పడతాయి కాబట్టి, సెకనుకు 960 అక్షరాలు వస్తాయి. అంటే రెండు అక్షరాల నడుమ ఒక మిల్లీసెకనుకు కాస్త పైగా సమయం దొరుకుతుంది. 16 మెగాహెర్ట్జ్‌తో నడిచే ఈ చిప్‌కు అది 16 వేలకు పైగా క్లాక్ చక్రాల తీరిక. ఒక అక్షరాన్ని చూసి, అదేమిటో గుర్తించి, దాన్ని ఎక్కడ పెట్టాలో నిర్ణయించడానికి ఇంత సమయం అక్కర్లేదు కూడా.

అందుకే వాక్యమంతా వచ్చేదాకా ఎదురుచూడకుండా, ఒక్కో అక్షరం రాగానే దాని పని చూడడం మంచిది. వచ్చింది $ అయితే ఇండెక్స్‌ను సున్నాకు తెచ్చి, ఆ $తోనే కొత్త వాక్యం మొదలుపెట్టాలి. వరుస ముగింపు గుర్తు అయితే ఆ చోట సున్నా పెట్టి వాక్యం పూర్తయిందని గుర్తించాలి. మరేదైనా అయితే, ఇండెక్స్ 82 కంటే తక్కువగా ఉన్నప్పుడు మాత్రమే అక్షరాన్ని అక్కడ పెట్టి ఇండెక్స్‌ను ఒకటి పెంచాలి. హద్దు తగిలితే తర్వాతి $ వచ్చేదాకా వచ్చినవన్నీ వదిలేయాలి. సీరియల్ పోర్టు నుంచి చదివే ఫంక్షన్, అక్షరమేదీ లేనప్పుడు -1 ఇస్తుంది గనుక, చదివిన విలువను ముందు ఇంట్ రకంలో తీసుకుని పరీక్షించాకే క్యారెక్టర్‌గా మార్చాలి.

వాక్యం చేతికొచ్చాక ఇండెక్స్ విలువ బాగా తెలుస్తుంది. స్థానమూ సమయమూ తేదీ ఒకేచోట ఇచ్చే వాక్యాన్ని ఆర్ఎమ్‌సీ అంటారు. ఉపగ్రహాలు అమెరికా జీపీఎస్‌వి మాత్రమే అయితే $ తర్వాత జి, పి వస్తాయి. పలు దేశాల ఉపగ్రహ వ్యవస్థలను కలిపి వాడే మాడ్యూల్ అయితే జి, ఎన్ వస్తాయి. వాక్యం మొదటి ఆరు అక్షరాలనూ ఒక మాటగా పోల్చే ప్రోగ్రామ్, పాత మాడ్యూల్ తీసి కొత్తది పెట్టగానే పనిచేయడం మానేస్తుంది. లైను[3] ఆర్, లైను[4] ఎమ్, లైను[5] సి అవునా కాదా అని మాత్రమే చూసే ప్రోగ్రామ్‌కు రెండూ సమానమే.

వాక్యం దారిలో చెడలేదని నిర్ధారించుకునేందుకు చెక్‌సమ్ ఉంది. $ తర్వాతి అక్షరం నుంచి *కు ముందున్న అక్షరం దాకా ఒక్కోదాని విలువనూ వరుసగా ఎక్స్‌ఆర్ (రెండు సంఖ్యల బిట్లను పోల్చి, వేరుగా ఉన్న చోట 1, ఒకేలా ఉన్న చోట 0 పెట్టే లెక్క) చేస్తూ పోవాలి. జి విలువ 71, పి విలువ 80, రెండింటి ఎక్స్‌ఆర్ 23. దాన్ని ఆర్ విలువ 82తో ఎక్స్‌ఆర్ చేస్తే 69, ఆపైన ఎమ్ విలువ 77తో చేస్తే 8, సి విలువ 67తో చేస్తే 75. ఇలా * దాకా వెళ్లాక మిగిలిన సంఖ్య, * తర్వాత హెక్సాడెసిమల్‌లో (0 నుంచి 9, ఎ నుంచి ఎఫ్ వాడే పదహారు అంకెల పద్ధతిలో) వచ్చిన రెండు అక్షరాలతో సరిపోవాలి. ఆ రెండు అక్షరాలనూ సంఖ్యలుగా మార్చడం కూడా కూడిక తీసివేతల పనే: 0 నుంచి 9 వరకైతే 48 తీసివేయాలి, ఎ నుంచి ఎఫ్ వరకైతే 55 తీసివేయాలి. ఈ పరీక్ష అనవసరమని కొందరు వదిలేస్తారు, నేను మాత్రం దీన్ని తప్పనిసరి అంటాను. ఊనోలో సీరియల్ పోర్టుకు అందుకునే బఫర్ 64 బైట్లు. 9600 వేగంలో అది దాదాపు 67 మిల్లీసెకన్లలో నిండిపోతుంది. బోర్డు ఎస్సెమ్మెస్ పంపే పనిలో ఉండగా జీపీఎస్ మాట్లాడుతూనే ఉంటుంది, బఫర్ నిండాక వచ్చిన అక్షరాలు పోతాయి, ఒక వాక్యం తల మరో వాక్యం తోకకు అతుక్కుంటుంది. అలా అతుకుపడిన వాక్యం పైకి సజావుగానే కనిపించి ట్రాక్టర్‌ను వేరే ఊళ్లో చూపించగలదు. దాన్ని పట్టేసేది చెక్‌సమ్ మాత్రమే.

ఫీల్డులను విడదీయడానికి సీ లైబ్రరీలో స్ట్ర్‌టోక్ అనే ఫంక్షన్ ఉంది, చాలా పాఠాలలో దాన్నే చూపిస్తారు. ఈ పనికి అది పనికిరాదు. పక్కపక్కనున్న కామాలను అది ఒకే కామాగా చూస్తుంది, జీపీఎస్‌కు ఇంకా ఉపగ్రహాలు దొరకనప్పుడు వచ్చే వాక్యంలోనేమో స్థితిని చెప్పే వి అక్షరం తర్వాత వరుసగా కామాలే ఉంటాయి. అక్షాంశం, రేఖాంశం, వేగం, దిశ అన్నీ ఖాళీ. ఆ ఖాళీలన్నీ దాటేసి స్ట్ర్‌టోక్ తేదీని తెచ్చి అక్షాంశం స్థానంలో పెడుతుంది. పైగా అది పని చేస్తూ కామాల చోట సున్నాలు పెట్టి మూల వాక్యాన్ని పాడుచేస్తుంది. దాని బదులు లైను మొదటి నుంచి నడుస్తూ, కామా కనబడినప్పుడల్లా దాని తర్వాతి ఇండెక్స్‌ను ఒక చిన్న అర్రేలో గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది. ఇండెక్స్ ఎప్పుడూ 82 లోపే గనుక ఒక్కో గుర్తుకూ ఒక్క బైట్ చాలు. అక్షరాలేవీ కదలవు, నకళ్లు పుట్టవు. ఖాళీ ఫీల్డు అంటే దాని మొదటి అక్షరమే మరో కామా, అంతే.

సమయం 133045.00 అని వచ్చిందనుకుందాం. మొదటి అక్షరం విలువ 49, రెండోది 51. రెండింటిలోంచీ 48 తీసివేసి, మొదటిదాన్ని పదితో గుణించి రెండోది కలిపితే 13 గంటలు. అలాగే 30 నిమిషాలు, 45 సెకన్లు. జీపీఎస్ చెప్పేది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కాబట్టి అయిదున్నర గంటలు కలిపితే మన దేశంలో సాయంత్రం 7 గంటల 45 సెకన్లు. కలిపిన మొత్తం 24 గంటలు దాటితే తేదీ కూడా జరగాలి. యూటీసీ ప్రకారం సాయంత్రం ఆరున్నర దాటినప్పుడు మనకు మర్నాడు వచ్చేసి ఉంటుంది.

రేఖాంశం దగ్గర మరికాస్త జాగ్రత్త కావాలి. హైదరాబాద్ నడిబొడ్డున అది 07829.20200 లాగా వస్తుంది. చూడగానే దశాంశ సంఖ్యలా ఉంటుంది గానీ, మొదటి మూడు అంకెలు డిగ్రీలు, మిగిలినవి నిమిషాలు. అక్షాంశానికి డిగ్రీలు మొదటి రెండు అంకెలే. దీన్ని ఏకంగా దశాంశ సంఖ్యగా మార్చే ఫంక్షన్‌కు ఇస్తే, ఏవీఆర్ చిప్‌ల (మన ఏటీమెగా ఈ కుటుంబానిదే) మీద ఫ్లోట్ కైనా డబుల్ కైనా నాలుగు బైట్లే గనుక ఏడు అంకెల వరకే నమ్మకం ఉంటుంది. ఇక్కడున్నవి తొమ్మిది అంకెలు. అక్షరం వెంట అక్షరం నడిచే పద్ధతిలో ఈ నష్టం ఉండదు. మొదటి మూడు అక్షరాల నుంచి 78 వస్తుంది. ఆ తర్వాతి అంకెలను, చుక్కను దాటేసి, వరుసగా పదితో గుణిస్తూ కలుపుకుంటూ పోతే 2920200 వస్తుంది. దాన్ని 6తో భాగిస్తే 486700. 78ని పది లక్షలతో గుణించి దీన్ని కలిపితే 78486700, అంటే 78.486700 డిగ్రీలు. ఎక్కడా దశాంశ గణితం లేదు, ఒక్క అంకె కూడా పోలేదు. అయితే ఈ చిప్ మీద ఇంట్ రెండు బైట్లే, 32767 దాటితే పొంగిపోతుంది కాబట్టి ఈ లెక్క లాంగ్ రకంలోనే చేయాలి.

ఇక పంపే వైపు. సందేశాలు తెలుగులో ఉండాలని నేను పట్టుబట్టాను, ఎందుకంటే చదవవలసిన వ్యక్తికి తెలుగే సులువు. మాటలన్నీ ముందే తెలిసినవి గనుక వాటిని ఫ్లాష్‌లోనే ఉంచడం మేలు. ఏవీఆర్ చిప్‌లలో ప్రోగ్రామ్ మెమరీ, డేటా మెమరీ వేర్వేరు. మామూలుగా రాసిన స్ట్రింగ్‌ను బోర్డు మొదలవగానే ఫ్లాష్ నుంచి ర్యామ్‌లోకి నకలు తీస్తారు. ప్రోగ్‌మెమ్ అని గుర్తుపెడితే అది ఫ్లాష్‌లోనే ఉండిపోతుంది. కానీ అప్పుడు సందేశం[5] అని మామూలు బ్రాకెట్లతో రాస్తే, ఆ చిరునామాను ర్యామ్ చిరునామాగా భావించి అక్కడున్న సంబంధంలేని బైట్‌ను తెచ్చిపెడుతుంది. ఫ్లాష్ నుంచి ఒక బైట్ చదివే ప్రత్యేక ఫంక్షన్‌కు సందేశం చిరునామాకు 5 కలిపి ఇవ్వాలి. లెక్క అదే, చదివే ద్వారం వేరు.

తెలుగు అక్షరాల దగ్గర, ఇండెక్స్ అంటే అక్షరం అనే సమీకరణం చెల్లదు. మనం ఎడిటర్‌లో టైపు చేసిన తెలుగు, లిపులన్నిటి గుర్తులకూ సంఖ్యలిచ్చే యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 రూపంలో చేరుతుంది, తెలుగు యూనికోడ్ గుర్తు ఒక్కోదానికీ మూడు బైట్లు. 'తెలుగు' అనే మాటలో కంటికి మూడు అక్షరాలు. యూనికోడ్‌లో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు గుర్తులు. మెమరీలో 18 బైట్లు, చివరి సున్నాతో 19. మాట[0] 224, మాట[1] 176, మాట[2] 164. ఈ మూడూ కలిస్తేనే త. తెలుగు గుర్తు దేనికైనా మొదటి బైట్ 224, రెండోది 176 లేదా 177, మూడోది 128 నుంచి 191 లోపు. 'శ్రీ' అన్న ఒక్క అక్షరానికి శ, పొల్లు, ర, గుడి దీర్ఘం కలిసి 12 బైట్లు. ఊనో మీద క్యార్ రకం రుణ సంఖ్యలను కూడా పట్టేది గనుక 224ను సంఖ్యగా ముద్రిస్తే -32 కనబడుతుంది. ఆర్మ్ చిప్ ఉన్న బోర్డు మీద అదే ప్రోగ్రామ్ 224నే చూపవచ్చు. ఇలాంటి బైట్లను అన్‌సైన్డ్ (రుణ సంఖ్యలు లేని) రకంలోకి తీసుకున్నాకే పోల్చడం ఉత్తమం.

జీఎస్ఎమ్ మాడ్యూల్‌కు ఈ మూడు బైట్ల రూపం పనికిరాదు. దానికి ఒక్కో గుర్తునూ 16 బిట్ల సంఖ్యగా, ఆ సంఖ్యను నాలుగు హెక్స్ అక్షరాలుగా ఇవ్వాలి. మొదటి బైట్‌లో చివరి నాలుగు బిట్లు, రెండోదానిలో చివరి ఆరు, మూడోదానిలో చివరి ఆరు కలిపితే ఆ సంఖ్య వస్తుంది. త విషయంలో మొదటిది సున్నా, రెండోది 48, దాన్ని 64తో గుణిస్తే 3072, మూడోది 36, మొత్తం 3108. దాన్ని నాలుగేసి బిట్లుగా విడదీస్తే 0, 12, 2, 4. ఇక్కడ స్ట్రింగ్ ఇండెక్స్ మరో అందమైన పనికి వస్తుంది: 0 నుంచి 9 వరకు అంకెలూ ఆ తర్వాత ఎ నుంచి ఎఫ్ వరకు అక్షరాలూ వరుసగా రాసిన 16 అక్షరాల పట్టికను పెట్టుకుంటే, పట్టిక[12] అనగానే సి వస్తుంది. నాలుగు బిట్లను ఇండెక్స్‌గా వేయడం, వచ్చిన అక్షరాన్ని మాడ్యూల్‌కు పంపడం, అంతే పని. 'ట్రాక్టర్ ఇప్పుడు ఆగి ఉంది' అన్న సందేశం యూటీఎఫ్-8లో 72 బైట్లు, గుర్తుల లెక్కన 26, హెక్స్‌లో 104 అక్షరాలు. కానీ ఫ్లాష్ నుంచి మూడు బైట్లు చదువుతూ నాలుగు అక్షరాలు పంపుతూ పోవడం వల్ల ఆ 104 అక్షరాలకు ర్యామ్‌లో చోటే అవసరం లేదు.

ఎస్సెమ్మెస్‌లో 140 బైట్లే పడతాయి కాబట్టి తెలుగు సందేశం ఒక్కోదానిలో 70 గుర్తులకు మించకూడదు. అంతకన్నా పొడవైనదాన్ని రెండుగా కోయాలంటే 70వ గుర్తు దగ్గర కళ్లు మూసుకుని కోయలేం. పొల్లు తర్వాత కోస్తే ఒత్తు రెండో సందేశంలోకి వెళ్లి విడి హల్లుగా మారుతుంది, గుణింతం గుర్తుకు ముందు కోస్తే ఆ గుర్తు రెండో సందేశం మొదట్లో ఆధారం లేకుండా వేలాడుతుంది. 70వ గుర్తు నుంచి వెనక్కి నడిచి, మొదట దొరికిన ఖాళీ దగ్గర కోయడం అన్నిటికంటే క్షేమం. తెలుగు గుర్తుల విలువలన్నీ 127 దాటినవే గనుక 32 అనే బైట్ కనబడితే అది తప్పకుండా ఖాళీయే, మరో గుర్తులోని ముక్క కాదు. కొన్ని తెలుగు కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక విడదీసే గుర్తును చేరుస్తాయి. దాని బైట్లు 226, 128, 140, అదీ 70లో ఒకటిగా లెక్కకు వస్తుంది. సందేశాలను ఫ్లాష్‌లో పెట్టే ముందే ఒక లూప్‌తో నడిచి, 226తో మొదలయ్యే చోట్లను సీరియల్ మానిటర్‌లో ఇండెక్స్‌తో సహా చూపించేలా చేసుకుంటే, ఏ మాటలో అది దూరిందో వెంటనే తెలిసిపోతుంది.